ఆ రోజు తక్కువే పడ్డాయి

నర్మెట్ట దాటాక పత్తి చేల మధ్య, మాజీ సర్పంచి జగన్మోహన్ భూమిలో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో నల్ల షీటు గట్టిగా చుట్టిన వెడల్పాటి పలకలు ఒకదానిపై ఒకటి అమర్చి ఉండేవి. ఎక్కడో నక్షత్రాలు పేలినప్పుడు బయలుదేరిన కణాలు మన గాలిని గుద్దుకుని ముక్కలై, ఇళ్లలోంచీ ఒళ్లలోంచీ నిత్యం నేలలోకి దిగిపోతుంటాయి. వాటిలో ఒకటి పలకను తాకితే లోపల మినుకుమని వెలుగు పుడుతుంది. యంత్రం దాన్ని లెక్కపెట్టుకుంటుంది. సూర్యుడి మీద తుఫాను రేగి, ఆ మేఘం భూమిని చుట్టుకున్నప్పుడు ఈ కణాల వాన కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి అంతరిక్షంలో వాతావరణం ఎలా ఉందో, ఉపగ్రహాలకూ కరెంటు లైన్లకూ ముప్పుందో లేదో అంచనా వేస్తారు.

ఆ షెడ్డు చూసుకునే తుల్సీరాంది మహబూబాబాద్ దగ్గరి తండా. ఎలక్ట్రానిక్స్‌తో డిగ్రీ చేసి, కొన్నాళ్లు సెల్‌ఫోన్లు బాగుచేసి, ఈ కాంట్రాక్టు పనిలో చేరాడు. ఏసీ ఆగకుండా చూడాలి. కరెంటు పోతే జనరేటర్ వేయాలి. ఎలుకలు వైర్లు కొరక్కుండా కనిపెట్టుకోవాలి. షెడ్డు పక్కనే ఇచ్చిన గదిలో భార్య నీలితో కాపురం.

"గీ మిషన్ల ఏం పడ్తయ్?" అని కొత్తలో అడిగింది నీలి.

"చుక్కలకెళ్లి వచ్చేటియి."

"నాకు కనవడకుండ ఎట్ల వస్తయ్?" అని నవ్వి, షెడ్డు గోడకు ఆనుకుని చిక్కుడు తీగ పాకించింది. చాలా ఏళ్లకు కడుపు పండిందని ఆ ఎండాకాలం ఆమె బరువుగా, సంతోషంగా తిరిగేది. సాయానికి తల్లి మంగ్లీ వచ్చి ఉంది.

అది 2024 మే. శనివారం పొద్దున లేవగానే బిడ్డ కదలటం లేదంది నీలి. ఆటోలో జనగామ దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ పరీక్ష చేసి, గుండె కొట్టుకోవటం లేదని చెప్పింది. కాన్పు మాత్రం కావాలి కదా. నొప్పులు రావటానికి మందు పెట్టారు.

తుల్సీరాం వరండాలో నిలబడి ఉండగా ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి అభిలాష్ సార్, ఆ యంత్రం పెట్టించిన శాస్త్రవేత్త. ఆయన గొంతు పక్కన కూర్చున్న మంగ్లీకి కూడా వినపడేంత గట్టిగా ఉంది.

"తుల్సీరాం! గ్రాఫ్ పడిపోయింది, చూసినవా? ఇన్నేళ్లలో ఇంత పెద్ద తుఫాను మనకు దొరకలే. కరెంటు పోనియ్యకు. జనరేటర్ల డీజిల్ ఉందా?"

"ఉంది సార్."

"షెడ్డు కాడనే ఉన్నవ్ కదా?"

"దవాఖానల ఉన్న సార్. మా బిడ్డ పోయింది."

"నువ్వు అక్కడ్నే ఉండు. మిషన్ సంగతి నేను చూసుకుంట," గొంతు తగ్గించి అన్నాడు అభిలాష్. ఆ మధ్యాహ్నమే షెడ్డుకు మనిషిని పంపాడు. లెక్క ఎక్కడా తెగలేదు.

పుట్టింది ఆడపిల్ల. ఎందుకిలా అయిందని నీలి అడిగితే, "కొన్నిసార్లు మాకు కూడా తెల్వదమ్మా," అంది డాక్టరమ్మ.

తండాలో పూడ్చిపెట్టి మంగ్లీ ఇంటికి వచ్చేసరికి టీవీలో అదే వార్త. సూర్యుడి తుఫాను భూమిని తాకిందట, లడఖ్‌లో ఆకాశం ఎర్రబడిందట. మంగ్లీ టీవీ ముందు నుంచి లేచి వచ్చింది.

"ఆ మంటను మీ మిషనే గుంజింది. నా బిడ్డ దాని పక్కన పండుకున్నది."

"అది గుంజదు అత్తా. వచ్చినయి లెక్కపెడ్తది, గంతే. ఆ రోజు ఎక్కువ పడలే. రోజుటికన్న తక్కువనే పడ్డయి."

"తక్కువ పడితే మీ సారు గంత సంబరమెందుకు పడ్డడు?"

తగ్గితేనే సారుకు తుఫాను దొరికినట్టు అన్నది జవాబు. కానీ ఆ ఇంట్లో, ఆ పూట, చెప్పగలిగేది కాదు.

వాకిట్లో కూర్చున్న నీలి తల ఎత్తకుండానే అడిగింది. "మిషన్ కాకపోతే మరేంది?"

"తెల్వదు నీలీ."

"గంత దూరం చుక్కలకెళ్లి వచ్చేది తెలుస్తది. నా కడుపుల ఏమైందో తెల్వదా?"

ఆమె తండాలో తల్లి దగ్గరే ఉండిపోయింది. తుల్సీరాం ఒక్కడే నర్మెట్టకు తిరిగి వచ్చాడు. మిషనే బిడ్డను పొట్టన పెట్టుకుందన్న మాట అతనికన్నా ముందే ఊరు చేరింది. పత్తి చేలకు పోయే ఆడవాళ్లు షెడ్డు ముందు దారి వదిలి గట్ల మీదుగా తిరిగి పోసాగారు. ఎవరిదో గేదె ఈసుకుపోయి నెలలు నిండని దూడను వేస్తే అదీ మిషన్ మీదికే వచ్చింది. అభిలాష్ వచ్చి బడిలో అందరినీ కూర్చోబెట్టి బొమ్మలు చూపించి చెప్పాడు. అందరూ విన్నారు, చాయ్ తాగారు. వెళ్లేటప్పుడు మాత్రం గట్ల మీదుగానే వెళ్లారు.

వానలు మొదలయ్యాక జగన్మోహన్ వచ్చాడు. షెడ్డు లోపలికి రాకుండా బైక్ మీదే కూర్చుని మాట్లాడాడు.

"గదేం చెయ్యదని నాకెరుకనే తుల్సీరాం. కానీ ఊరంత గిట్ల అంటుంటే నేనేం జెయ్యాలె? పంచాయతీ ఎలక్షన్లు రావట్టె. జాగ ఖాళీ చెయ్యమని మీ సారుకు చెప్పు."

"మీరొక్క మాట చెప్తే ఊరోళ్లు ఇంటరు పటేలా."

"నీ పెండ్లామే వాపసు రాకపాయె. నా మాట ఎవడు నమ్ముతడు?"

యంత్రాన్ని విప్పింది తుల్సీరామే. ఒక్కో పలకకూ దుప్పటి చుట్టి, పసిదాన్ని ఎత్తినట్టు రెండు చేతుల మీద మోసి లారీలో పెట్టాడు. మోస్తుంటే దుఃఖం వచ్చింది. చుట్టూ చేరినవాళ్లు, "తప్పు లేకపోతే ఎందుకు తీస్కపోతరు?" అనుకోవటం అతనికి వినపడుతూనే ఉంది. తన చేత్తోనే తన మీద సాక్ష్యం చెబుతున్నట్టు అనిపించింది. అయినా పలకల మీద గీత పడకుండా కట్టాడు. దక్షిణాన మరో ఊరికి పంపిస్తున్నామని, అక్కడికి రమ్మని అభిలాష్ అన్నాడు. నీలికి ఇంకా దూరమైపోతానని తుల్సీరాం ఒప్పుకోలేదు.

తర్వాత కాటారంలో, కరెంటు సబ్‌స్టేషన్‌లో కాంట్రాక్టు పని దొరికింది. ఒక గది అద్దెకు తీసుకున్నాడు. నీలికి ఫోన్ చేసేవాడు. తిన్నావా అంటే తిన్న అనేది. రమ్మంటే మాట మార్చేది.

వరి కోతలప్పుడు ఒక సాయంత్రం అతను డ్యూటీ దిగి వచ్చేసరికి గది ముందు నీలి కూర్చుని ఉంది. భూపాలపల్లి బస్సు దిగి, దారి అడుగుతూ వచ్చిందట. చిక్కిపోయింది. సంచి ఒళ్లోనే పెట్టుకుంది.

"అత్త పంపిందా?"

"చెప్పకుండ వచ్చిన." తాళం తీస్తున్న అతని చేతుల వైపు చూస్తూ అంది. "నీ మాట నమ్మి రాలే. గా మిషన్ కాదని నాకింకా మనసున వడ్తలేదు. ఒక్కదాన్ని ఉండలేక వచ్చిన."

తుల్సీరాం సంచి అందుకున్నాడు. ఇన్నాళ్లూ ఎన్నిసార్లో చెప్పిన మాటను మళ్లీ చెప్పబోయి, ఆగాడు. స్టవ్ వెలిగించి అన్నానికి నీళ్లు పెట్టాడు.

గదిలో ఒకటే కంచం ఉంది. ముందు నీలి తిని, కడిగి ఇచ్చింది. అతను తింటుంటే గోడకు ఆనుకుని, పాపకు పెట్టాలనుకున్న పేరును మొదటిసారి అతనికి చెప్పింది.