ఉప్పునీటి మీద అడిగిన మాట

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకైతే మా ఆయనకన్నా మా వదినే ఎక్కువ మొగుడు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆయనకు అక్కయిన మా వదిన, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. రంగంలో, అదే రంగూన్లో, అహ్లోన్ రేవు పక్కన, బియ్యపు మిల్లు కూలీల లైన్లలో మేం ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒక గది, ఒక పొయ్యి, ఇద్దరు ఆడవాళ్ళు. ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. తరవాత వచ్చిన గొడవలకు ఇంకా ముందు, రంగంలో మనవాళ్ళు నిశ్చింతగా తిరిగే రోజులవి.

వదిన మొగుడు సముద్రంలో పోయాడు. పోయాడని నేనంటున్నాను గానీ, ఆవిడ ముందు ఆ మాట ఎవరూ అనకూడదు. విశాఖపట్నానికి ఉత్తరాన ఒడ్డు పల్లెలో వాళ్ళది వేట మీద బతికే ఇల్లు. ఒక పెద్ద గాలివానకు వేటకెళ్ళిన నావలు చాలా తిరిగి రాలేదు. శవం దొరికిన ఇళ్ళలో ఏడ్చి, కర్మ చేసి, ఆడవాళ్ళ గాజులు తీసేశారు. దొరకని ఇళ్ళలో కొంతకాలం చూసి వాళ్ళూ తీసేశారు. వదిన తియ్యలేదు. ఎందుకంటే రంగం నుంచి తిరిగొచ్చిన కూలీ ఒకడు ఒక కబురు మోసుకొచ్చాడు. ఆ గాలికి కొట్టుకుపోయిన మన తీరపు మనిషి ఒకడు ఓడవాళ్ళకు దొరికాడట, రంగంలో పడవ నడుపుకుంటూ బతికే ఉన్నాడట. పేరు తెలీదు, ఊరు తెలీదు. ఆ కబురు పట్టుకునే వదిన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఓడెక్కింది. తమ్ముడు మిల్లులో చేరాడు, ఇక్కడే పుట్టి పెరిగిన నన్ను పెళ్ళిచేసుకున్నాడు.

నేను కాపురానికి వచ్చేనాటికే ఆవిడ ఎదురుచూపు పాతదైపోయింది. మా వైపు నుంచి కూలీల ఓడ వస్తే చాలు, పొయ్యి మీద అన్నం వదిలేసి రేవుకు పరిగెత్తేది. పడవవాళ్ళు ఎవరు కనబడినా, తెలుగువాడైనా చిట్టగాంగువాడైనా, ఆపి అడిగేది. అందరిదీ ఒకటే జవాబు. "ఉండే ఉంటాడమ్మా, ఇంత పెద్ద ఊరు, ఎక్కడో ఉంటాడు." నిజం చెప్పి ఆ మొహం చూడడం ఎవరికి ఇష్టం? పెళ్ళిరోజుల్లోలాగే పెద్ద బొట్టు, చేతినిండా ఎర్రగాజులు. తలస్నానం చేసిన రోజు పసుపు రాసుకుని కూచుంటే నాకు ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది. రెండూ నిజమే.

ఒకసారి వానలు వెలిశాక, బర్మావాళ్ళ దీపాల పండగ అయిన రోజుల్లో, మా ఆయన అన్నం దగ్గర ఊసుపోక ఒక సంగతి చెప్పాడు. మిల్లు దొరల్ని నది మొగకు తీసుకెళ్ళి సముద్రపు చేపలు పట్టించే పడవాయన ఒకడున్నాడు. నదికి అవతల సిరియంలో ఉంటాడు, మనవాడే. బర్మావాళ్ళు కూడా గౌరవంగా పేరుకు ముందు 'ఊ' తగిలించి పిలుస్తారు. "ఓడ దిగిన కూలీనే అంటాడు గానీ, అప్పా, గాలం తాడు పంటితో కొరికి ముడేత్తాడు, మన అయ్య ఏసినట్టే," అన్నాడు అక్కతో. వదిన చేతిలో గరిటె అలాగే ఆగింది. మర్నాడు పొద్దున్నే, తనకు ఉప్పునీటి చేప తినాలనుందనీ, తనే పట్టి తినాలనీ పేచీ మొదలెట్టింది.

"బజార్లో చేపలకు కరువా?" అన్నాను.

"నదిలో సేప బురద కంపు. నీకు తెల్దులే, నువ్వు సంద్రం ఎరగవు," అంది.

మిల్లులో పని పలచగా ఉన్న రోజులు గనక మా ఆయనకు సెలవు దొరికింది. మా వాళ్ళ ఊళ్ళో ఆడది వేటనావ తొక్కితే గంగమ్మకు కోపం వస్తుందట. రంగంలో దొరసానులు తొక్కగా తొక్కగా ఆ తల్లికి అలవాటైపోయినట్టుంది, పడవాయన ఏ అభ్యంతరమూ చెప్పలేదు. నెరిసిన గడ్డం, వంకరగా అతుక్కున్న ఎడమచెయ్యి, నెమ్మదైన మాట. వదినను "సెల్లీ" అని పిలిచి చెయ్యందించి ఎక్కించాడు. నన్ను "అమ్మీ, తెరసాప కిందకి జరుగు, ఎండ తగుల్తాది" అన్నాడు. నాకు మనిషి నచ్చాడు.

తెల్లవారకముందే, సముద్రంలోకి తీసే పాటు నీటితో బయల్దేరాం. సిరియం చమురు టాంకులు దాటాక నది ఇటూ అటూ జరిగిపోయింది. ఊళ్ళోని బుద్ధుడి గుడి బంగారు గోపురం వెనక చాలాసేపు కనబడి, తరవాత కనబడలేదు. ఎర్రటి నీళ్ళు బూడిదరంగుకు, ఆపైన పచ్చకు తిరిగాయి. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టిన మా ఆయన అప్పటికే వాంతులు చేసుకుని పడవ అడుగున పడుకున్నాడు. "అయ్యగారు వేటకెళ్తే చేపలకు విందు," అన్నాను. పడవాయన నవ్వాడు. వదిన నవ్వలేదు. ఒడ్డు వైపే చూస్తోంది.

ఎప్పుడో మునిగిన ఓడ ఒకటి అక్కడ నీటి అడుగున ఉందట. దాని కొయ్యల సందుల్లో పీతలు తినే నల్లచేపలు, పైన తిరిగే నీటిలో పండుగప్పలు. లంగరు వేసి, పడవాయన నా గాలానికి సగం చీల్చిన పీత, వదిన గాలానికి బతికున్న రొయ్య గుచ్చాడు. "నల్లసేప గట్టిగా లాగుతాది, సందులోకి దూరీలోగా నువ్వు లాగీయాల. పండుగప్పని మాత్రం మింగనియ్యాల, సెల్లీ. తొందర పడకు." నేను రెండుసార్లు పీతను పోగొట్టుకుని, మూడోసారి దిట్టమైన నల్లచేపను పైకి లాగాను. అది నా ఒళ్ళో పడి ఎగిరితే నేను కేకేశాను. ఆ క్షణాన నేనంత సంతోషంగా ఉన్నానంటే, ఇప్పటికీ చెప్పడానికి నాకు బాధగా ఉంటుంది.

వదిన నీళ్ళలోకి చూస్తూనే అడిగింది. "అన్నా, ఒడ్డు అగుపిస్తందా?"

పడవాయన చుట్టూ చూశాడు. "నేదు, సెల్లీ."

"అయితే నానొక మాట అడుగుతాను."

ఆయన చేతిలో గాలం కింద పెట్టేశాడు. "ఇక్కడొద్దు. రేవుకెల్లాక అడుగు. ఏటడిగినా సెప్తాను."

"రేవులో అందరూ సెప్పినారు," అంది వదిన.

నాకేమీ అర్థం కాలేదు. నా మొహం చూసి వదినే చెప్పింది. ఒడ్డు కనబడని నీటి మీద వేటవాళ్ళు అబద్ధమాడరట. ఆడితే ఆ పడవ మళ్ళీ ఒడ్డు చూడదట. ఎంత తాగుబోతైనా, ఎంత దొంగైనా, అక్కడ మాత్రం అడిగినదానికి ఉన్నమాటే చెప్పాలి. చేప తినాలన్న పేచీ దేనికోసమో అప్పుడు తెలిసింది.

"మన ఒడ్డు ఏటోల ముడి ఏత్తన్నావు. నువ్వు కూలీ ఓడెక్కి రంగం రానేదు గదా?" అంది వదిన.

"రానేదు."

"మరెలాగొచ్చినావు?"

"గాలికి. మన ఇల్లల్లో మగోళ్ళు పోయిన ఆ గాలికే. నావ బోల్తా పడింది. నా సిన్నాయన, ఆయన కొడుకు నా కళ్ళముందే పోయారు. నాను దుంగకి కట్టుకున్నాను, ఓడోలు సూసి పైకి లాగారు. సెయ్యి అప్పుడిరిగిందే."

"ఇంకెవులైనా దొరికారా?"

"ఓడ సుట్టూ తిరిగి సూసింది, సెల్లీ. బోర్లాపడ్డ నావలు అగుపించాయి. మడుసులు నేరు. నానొక్కడ్నే."

"రంగంలో మన మడిసి పడవ నడుపుతున్నాడని ఊళ్ళో అనుకున్నది..."

"నన్నే."

మా ఆయన లేచి కూచున్నాడు. అక్క కాలు పట్టుకున్నాడు. వదిన ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇంకా ఏదో అడగబోతోందని ఆ పడవాయనకు నాకన్నా ముందే తెలిసింది, తల వంచుకున్నాడు.

"ఇంటికాడ ఆడమడిసి ఉందా అన్నా?"

"ఉండేది."

"ఉండేదా, ఉందా?"

"ఉంది."

"నువ్వు బతికున్నావని ఆవిడకి తెలుసా?"

"తెల్దు." ఆయన వంకర చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. "మొదట్లో సెయ్యి ఇరిగి ఆస్పత్రిలో ఉన్నాను. తరవాత, ఆ ఇద్దర్నీ ఒగ్గీసి నానొక్కడ్నే వచ్చానని సిన్నమ్మకి ఏ మొగం పెట్టుకుని సెప్పను? రేపెల్దాం, రేపెల్దాం అనుకున్నాను. ఈలోగా ఇక్కడొకతి వచ్చింది. పిల్లలు."

నా నోరు ఊరుకునే నోరు కాదు. పొద్దున్న నచ్చిన మనిషిని పట్టుకుని, మగపుట్టుక పుట్టావా, నువ్వొక్కడివి నోరు విప్పి ఉంటే ఇద్దరాడవాళ్ళ బతుకులు తెల్లారకుండా ఉండేవి కావా అని దులిపేశాను. వదినే నా చెయ్యి పట్టుకుంది.

"ఊరుకోయే. నిజం సెప్పినోడ్ని తిట్టకూడదు," అంది. తరవాత ఆయన వైపు తిరిగి, కోపం ఏమీ లేకుండానే అంది. "ఆవిడ గాజులు తీసుండదన్నా. నీకు తెల్దు. నాకు తెలుసు."

ఆయన మొహం మీద తుండు కప్పుకున్నాడు. అప్పుడే వదిన గాలం తాడు బిగిసింది. ఆవిడ తొందర పడలేదు. చెప్పినట్టే మింగనిచ్చి, కొద్దికొద్దిగా లాక్కుని, తన చెయ్యంత పొడవున్న పండుగప్పను తనే పడవలో వేసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఎన్ని బుట్టల చేపలు మోసి అమ్మిందో గానీ, సముద్రంలోంచి పైకి రావడం చూసింది ఆ ఒక్కదాన్నే. దాని పక్కన చెయ్యి ఆనించి, అది కదలడం మానేదాకా కూచుంది.

పోటు నీటితో వెనక్కి వచ్చాం. అహ్లోన్ రేవులో దింపేటప్పుడు పడవాయన వదిన పాదాలకు దండం పెట్టబోతే, ఆవిడ వెనక్కి జరిగి, "పిల్లల కాడికెల్లు," అంది.

ఇంటికొచ్చి, ఎంతయినా ఆకలి మీదున్న మనుషులం గదా అని, నేను కత్తిపీట వాల్చి పండుగప్పకు పొలుసు తీయబోయాను. వదిన గుమ్మంలోనే నిలబడింది.

"సేపలు పక్కింటోలకి ఇచ్చీయ్. పొయ్యి ఎలిగించకు," అంది.

"ఎందుకొదినా?"

"ఇంట్లో మైల."

అప్పుడు ఏడ్చింది. లైన్లలో ఆడవాళ్ళందరూ వచ్చేశారు. ఏ ఊరి నుంచి తంతి వచ్చిందని వాళ్ళు నన్ను అడిగారు. ఎన్నో ఏళ్ళ కిందటి చావుకు ఎవరూ అలా ఏడవరు. నేల మీద పడి, ఇంతసేపూ పక్కనే ఉన్న మనిషి లేచి వెళ్ళిపోయినట్టు ఏడ్చింది. ఆవిడతో పోట్లాడడానికే పుట్టాననుకునే నేను ఆ రాత్రంతా ఆవిడ తల ఒళ్ళో పెట్టుకున్నాను.

పొద్దున్నే మా ఆయన వెళ్ళి దాసరిని పిలుచుకొచ్చాడు. మా లైన్లలో కర్మలన్నీ ఆ ముసలాయనే చేయించేవాడు. చాప మీద కూచుని, పేరు, గోత్రం అడిగాడు. మా ఆయన చెప్పాడు. శవం లేదన్నాం, దర్భలతో బొమ్మ కడదామన్నాడు. తిథి చూడాలి, ఎప్పుడు పోయాడని అడిగాడు. మా ఆయన వేళ్ళు మడుస్తూ ఆ గాలివాన ఏ ఏటిదో లెక్క కట్టబోయాడు.

వదిన మూలనుంచి తల ఎత్తింది.

"నిన్న," అంది.

దాసరి మా ఇద్దరి వైపూ చూశాడు. మేం కాదనలేదు.