పిల్లికళ్ళ పాప, నా సగం పాఠం

బీఎస్సీ మొదటి ఏడాది చదివేవాడికి ఉన్నంత జ్ఞానం లోకంలో ఇంకెవరికీ ఉండదు. ఆ రోజుల్లో నాకూ అలాగే ఉండేది. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మా లైను మొత్తానికి కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఊరి నుంచి వచ్చిన ఉత్తరాల దగ్గర్నుంచి మందుసీసా మీది అక్షరాల దాకా చదవడానికి అందరూ నా దగ్గరికే వచ్చేవారు. తెలిసినవాటికీ తెలియనివాటికీ నేను ఒకే ధీమాతో జవాబు చెప్పేవాణ్ణి. (తెలియనివాటికి కొంచెం ఎక్కువ ధీమాతో.)

మా పక్క క్వార్టర్లో ఉండే అన్న బొగ్గు ఇంజను మీద ఫైర్‌మన్. ఇంట్లో వాళ్ళమ్మ, భార్య, ఎనిమిది నెలల పాప. తల్లిని మామ్మా అనేవాణ్ణి, భార్యని వదినా అనేవాణ్ణి. ముగ్గురివీ కాటుక లాంటి నల్లకళ్ళు. పాపవి మాత్రం పిల్లికళ్ళు. లైన్లో ఆడవాళ్ళు ఆ పిల్లని ఎత్తుకుని ముద్దు చేస్తూనే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఒక సాయంత్రం మామ్మ నన్ను పిలిచి పీట వేసింది.

"ఏరా బాబూ, సదువుకున్నోడివి గదా, సెప్పు. తల్లివీ నల్లకళ్ళే, తండ్రివీ నల్లకళ్ళే. మరి ఈ పిల్లకి ఇవి ఎక్కడ్నించి వొచ్చినాయి?"

సరిగ్గా ఆ వారమే మాకు బాటనీ చెప్పే బెంగాలీ మాస్టారు వంశపారంపర్య లక్షణాల పాఠం మొదలుపెట్టారు. పొడుగు బఠాణీ మొక్కని పొట్టిదానితో కలిపితే పిల్లమొక్కలన్నీ పొడుగే, ఒక లక్షణం రెండోదాన్ని అణిచేస్తుంది అన్నంతవరకు విని, గోల్‌బజార్ దర్జీ దగ్గర నా మొదటి బెల్‌బాటమ్ తెచ్చుకోవడానికి వెనక తలుపులోంచి జారుకున్నాను. ఆ సగం పాఠమే మామ్మకి అప్పజెప్పాను. "నలుపుదే పెత్తనం మామ్మా. నలుపూ నలుపూ కలిస్తే నలుపే పుట్టాల. సైన్సు ప్రకారం ఇంకోటి కుదరదు."

వంటగదిలో గిన్నె కింద పడిన చప్పుడు వినిపించింది. దానికీ నా సైన్సుకీ సంబంధం ఉందని తోచలేదు. ఎంత బాగా చెప్పానో అనుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే మా అమ్మ టీ ఇవ్వకుండా నా ముందు నిలబడింది. "ఏటి కూసినావురా ఆ ముసలమ్మ కాడ? కొడుకు డూటీ నుంచి రాగానే కోడల్ని పుట్టింటికి పంపీమంటాదట! ఆ కోడలుపిల్ల నిన్నట్నుంచి ముద్ద ముట్టనేదు."

నేను చెప్పినదానికి అర్థం నాకు అప్పుడు తెలిసింది. వదిన చేపలపులుసు వండితే నాకొక గిన్నె రాని రోజు లేదు. ఆవిడ మొహం కళ్ళ ముందు మెదిలింది. ఆ వెనకే, రోజంతా పారతో బొగ్గు ఎత్తిపోసే అన్న చేతులు కూడా మెదిలాయి.

సైకిలు తొక్కుకుంటూ కాలేజీకి పోయి మాస్టార్ని వరండాలో పట్టుకున్నాను. "రెండు నల్లకళ్ళకి పిల్లికళ్ళు పుట్టవు కదా సార్?" అన్నాను, ఔనంటారేమోనన్న భయంతో.

"కేనో హోబే నా?" అన్నారాయన, ఎందుకు పుట్టకూడదని. తర్వాత నా వంక తేరిపార చూసి, ఆ రోజు రెండో సగం నువ్వు లేవు కదూ అన్నారు. అణిగిన లక్షణం చచ్చిపోదట. తరాల తరబడి కనిపించకుండా ఉండి, తల్లి నుంచి ఒకటీ తండ్రి నుంచి ఒకటీ చేరిన బిడ్డలో బయటపడుతుందట. పెత్తనం కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదట. ఎర్ర చంద్రకాంత, తెల్ల చంద్రకాంత కలిస్తే ఏదీ పూర్తిగా నెగ్గక గులాబీ రంగు పూస్తుంది. ఏబీ రక్తంలో అయితే ఏ, బీ రెండూ సమానంగా కనిపిస్తాయి. ఆ రోజు నేను విన్నంత శ్రద్ధగా ఆ కాలేజీలో ఎవరూ పాఠం విని ఉండరు.

తిరిగొచ్చేసరికి అన్న మసి మొహంతో వాకిట్లో ఉన్నాడు. గుమ్మం దగ్గర వదిన రేకుపెట్టె. నేను సైకిలు కింద పడేసి, "నేను సగమే సెప్పినాను అన్నా, తప్పు నాదే" అని మిగతా సగం గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను.

అన్న నుదురు ముడిచాడు. "అంటే మా వైపు నుంచీ రావాలా?"

"రావాల. ఒక్క వదిన వైపు నుంచే వొస్తే సాలదు."

"మా తాతవి ఇలాటి కళ్ళేనని మొదట్నించీ మొత్తుకుంటన్నాను" అంది వదిన, తలుపు వెనక నుంచి. "ఎవలిన్నారు?"

అందరం మామ్మ వైపు తిరిగాం. "మా వొంశంలోనా? పిల్లికళ్ళా?" అని లేచిన మామ్మ మధ్యలోనే ఆగిపోయింది. కొంగు సర్దుకుంది. "మా మేనమామ ఒకడుండీవోడు. నా సిన్నప్పుడే బర్మా ఎల్లిపోనాడు. అందరూ పిల్లోడు, పిల్లోడు అనీవోరు. కుర్రోడు గావాల, అందుకే అంటన్నారు అనుకున్నాను..."

ముందు నవ్వింది అన్నే. నవ్వుతూనే పెట్టె లోపలికి తీసుకుపోయాడు. వదిన నవ్వలేదు. పాపని తెచ్చి నా చేతుల్లో పెట్టి, "సగం పాఠానికే నా పెట్టె గుమ్మం దాకా వొచ్చినాది బాబూ. పూర్తిగా సదివీదాకా ఎవలికీ ఏటీ సెప్పకు" అంది. అంతకన్నా మంచి సలహా నాకు ఏ ప్రొఫెసరూ ఇవ్వలేదు.

తర్వాత చాలా ఏళ్ళు నేనూ అదే పాఠం పిల్లలకి చెప్పాను. కళ్ళ రంగు అంత తేలిగ్గా తేలే వ్యవహారం కాదని, దాని వెనక ఒకటి కాదు, ఎన్నో జన్యువులు ఉంటాయని కూడా ఆలస్యంగా తెలుసుకున్నాను. (అంటే నేను రెండోసారి చెప్పిందీ పూర్తి పాఠం కాదు. ఆ సంగతి వదినకి ఇప్పటికీ చెప్పలేదు.) ఇప్పుడు ఎవరేం అడిగినా "చూసి చెబుతాను" అంటాను. అది వయసు మీద పడి వచ్చిన మతిమరుపని మా ఆవిడ అనుకుంటోంది. అనుకోనీ.