మిరప చేలో దిగిన ఎగిరే పళ్ళెం

మొన్న పొద్దున మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఏదో దేశంలో గడ్డి మధ్య గుండ్రటి మచ్చ, చుట్టూ టోపీల జనం, ‘గ్రహాంతరవాసులు దిగిన చోటు’ అని కింద అక్షరాలు. కింది ఫ్లాటాయన దానికి దణ్ణం బొమ్మ కూడా పెట్టాడు, ఎవరికి పెట్టాడో మరి. నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చింది. అలాంటి మచ్చనే ఆవిడ గొంతుక్కూర్చుని పరీక్ష చేస్తుంటే, పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను.

అత్తయ్య మొక్కల జబ్బుల గురించి చదువుకుని, ఉద్యోగమంతా వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో చేసి, రిటైరయ్యాక ఒంగోల్లో మా పక్క వీధిలోనే ఉండేది. మా ఇంటికొస్తే ముందు కరివేపాకు మొక్కను పలకరించి, ఆ తర్వాతే మా ఆవిణ్ణి పలకరించేది. నాలుగైదేళ్ళ కిందట కార్తీకమాసంలో, పర్చూరు అవతల ఒక పల్లెలో ఎగిరే పళ్ళెం దిగిందని గోల లేచింది. మిరప చేలో ఓ గది వెడల్పున మొక్కలు గుండ్రంగా మాడిపోయాయట. నడిమధ్య మూడు గుంటలున్నాయట, అవి దాని కాళ్ళట. ఇరవై రోజుల కిందట ఓ వాన సాయంత్రం పెద్ద వెలుగు దిగడం రైతు కళ్ళారా చూశాడట. ఆ చేను వీడియో ఫోన్లో వస్తే నేనే అత్తయ్యకు చూపించాను. రెండుసార్లు చూసి, “ఒరేయ్, అందరూ ఆకాశం వంక చూస్తున్నారు గానీ మొక్క వంక చూసినవాడు ఒక్కడూ లేడు. కారు తియ్,” అంది.

మేం వెళ్ళేసరికి చేను గట్టంతా తిరునాళ్ళలా ఉంది. వేరుశనక్కాయల బండి కూడా వచ్చేసింది. అత్తయ్య చీర మీద మా మావయ్య పాత చొక్కా తొడుక్కుని, భూతద్దం, చాకు, టేపు తీసుకుని చేలోకి దిగింది. “నిన్న మందు కొట్టిన చేనిది. ఒళ్ళంతా దద్దుర్లొస్తే నన్ననకండి,” అని అరిచింది. పచ్చి అబద్ధం. క్షణంలో గట్టు ఖాళీ. మచ్చ నడుమ నుంచి నాలుగు పక్కలా నాచేత టేపు పట్టించి కొలతలు రాసుకుంది. చివరికి గుంటలో వేలు పెట్టి అంచులు తడిమి, రైతు వంక తలెత్తి చూసింది.

“ఏమయ్యా, దిగినవాళ్ళు పలుగు కూడా తెచ్చుకున్నారా?”

నాకు నవ్వాగలేదు. కానీ ఆ మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. నలభై ఏళ్ళుంటాయేమో, గట్టు మీద చతికిలబడిపోయాడు. “నేనే పొడిచానమ్మా,” అన్నాడు. గట్టవతల పత్తి చేను ఇతని సొంత అన్నయ్యది. ఆ గట్టు గురించే వేసవిలో ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. మొక్కలు మాడేసరికి, అన్నే పగబట్టి కలుపుమందు పోశాడని ఇతను నిశ్చయించేసుకున్నాడు. “బయటపెడితే పెద్దమనుషులంటారు, స్టేషనంటారు. ఒక్క కడుపున పుట్టినోణ్ణి బజారుకీడుస్తానా అమ్మా? అందుకని ఆకాశం మీదికి తోసేశా. కానీ మా అన్న మొహం ఇంక చూళ్ళేను. ఈ కాపు కోసి, పొలం కౌలుకిచ్చి, మా అత్తోరి ఊరెళ్ళిపోతున్నా.”

తనకు ద్రోహం చేశాడనుకున్న మనిషిని కాపాడటానికి ఊరందరి ముందూ అబద్ధాలాడి నవ్వులపాలవుతున్నాడు! అత్తయ్య మాడిన మొక్కనొకదాన్ని పీకి, కాండాన్ని చాకుతో నిలువునా చీల్చి అతని చేతిలో పెట్టింది.

“కలుపుమందైతే ఆకు మెలిపడుతుంది, మచ్చ గాలి వాటాన ఒక పక్కకి సాగుతుంది. ఇక్కడ మాడు నడుమ నుంచి నాలుగు పక్కలా ఒకేలా తగ్గుతూ పోయింది. లోపల బెండు చూడు, నిచ్చెన మెట్లలా ఎండింది. ఇది పిడుగయ్యా. మీ అన్న చెయ్యి కాదు.”

“పిడుగంటే తాడిచెట్టు మీద పడుద్ది గానీ మోకాలెత్తు మిరపమొక్క మీద పడుద్దా అమ్మా?”

“తాడిచెట్టు లేకపోతే పైనే ఆగిపోతుందా? నువ్వు చూశానన్న వెలుగు నిజమేనా?”

“వెలుగు నిజమేనమ్మా. ఆ వానలో ఫెళ్ళుమంది,” అంటూనే అతను ఆగిపోయాడు. చీల్చిన ఆ పుల్ల పట్టుకునే లేచి, గట్టు దాటి పత్తి చేలోకి నడిచాడు. అత్తయ్యా నేనూ వెనకాలే వెళ్ళాం. పత్తి తీస్తున్న అన్నకు పుల్ల చూపిస్తూ తడబడుతూ అంతా చెప్పేశాడు. అన్న కేకకి కొంగలు లేచాయి.

“ఒరేయ్! నిన్ను కొట్టాలంటే ఎదురొచ్చి చెంప మీద కొడతా గానీ, పచ్చని చెట్టు మీద కొడతానంట్రా? రైతుబిడ్డని కాదూ నేను?” తర్వాత గొంతు దిగిపోయింది. “ఇరవై రోజుల్నించీ ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావా?” పత్తి అంటుకున్న చేత్తోనే తమ్ముడి భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు, సిగ్గుపడకుండా. అత్తయ్య అటు తిరిగి ఒక పత్తి ఆకు వెనక్కి తిప్పి చూసి, “దీనికి తెల్లదోమ పట్టింది,” అంది.

రోడ్డు మీద టీవీ చానెల్ కుర్రాడొకడు అత్తయ్య ముందు మైకు పెట్టాడు. “పిడుగు,” అంది ఆవిడ. “మరి ఆ మూడు గుంటల సంగతేంటి మేడమ్?” అన్నాడు. “గుంటలు మొక్కల జబ్బు కాదు నాయనా, నా సబ్జెక్టు కాదు,” అని కారెక్కేసింది. ఎంత చదువు చదివితే ఆ జవాబు వస్తుందో నాకిప్పటికీ తెలియదు. ఆవిడ ముందు నేనెప్పుడూ చిన్నవాణ్ణే.

పిడుగు పడటానికి రెప్పపాటు చాలింది. ఆ అన్నదమ్ములు ఇరవై రోజులు మాట్లాడుకోలేదు. ఇంకో ఇరవై ఏళ్ళు అలాగే గడిచినా, ఎందుకని అడిగేవాళ్ళుండేవారు కాదు. మన ఇళ్ళలో చాలా ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.