రెక్కలు ముడిచిన చేపలు

గుంటూరు నల్లచెరువు పేటలో బుడాన్ చేపల కొట్టంటే కూర చేపలది కాదు, గాజు తొట్టెల్లో పెంచుకునే రంగు చేపలది. ఆ కొట్లో డబ్బు చేతిలో పెట్టినా వెంటనే చేప ఇవ్వడు మహానుభావుడు. "ఇంకా చూళ్ళేదండీ" అంటాడు. కొత్తగా వచ్చిన చేపని విడిగా ఉంచి, పొద్దున్నే తొట్టె ముందు పీట వేసుకుని, దాని మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో వాచీ చూస్తూ లెక్కపెడతాడు. రెక్కలు విప్పిందా, మేతకి పరుగెత్తిందా, మూల నక్కిందా అన్నీ చూసి, అది హాయిగా ఉందని నమ్మకం కుదిరితేనే కవర్లో వేసిస్తాడు. "చేపనిస్తున్నాడా, పిల్లనిస్తున్నాడా?" అని జనం నవ్వుతారు. నవ్వుకోనీ.

కిందటి ఫిబ్రవరిలో క్రిస్టీనా టీచర్ వచ్చింది. ఆమె బడి తొట్టెలో, ఎక్కడో కొన్న చేపలు రెండు రోజులకే చచ్చి తేలాయట. ఒకటో తరగతి పిల్లలు అన్నాలు మానేసి ఏడ్చారట.

"మళ్ళీ ఆ ఏడుపు నేను చూళ్ళేనండీ" అంది.

"సోమవారానికి పన్నెండు గోల్డ్ ఫిష్ ఇస్తానమ్మా. నా చేప చావదు" అని మాటిచ్చేశాడు బుడాన్.

గురువారానికల్లా పన్నెండూ మూలకి చేరి రెక్కలు ముడిచేశాయి. బుడాన్ ప్రాణం ఉసూరుమంది. నీళ్ళు మార్చాడు, కల్లుప్పు వేశాడు, గాలి గొట్టం విప్పి కడిగాడు. ఏం లాభం? శనివారం పొద్దున ఒకటి చచ్చి తేలింది. పిల్లల ఏడుపు అప్పుడే చెవిన పడుతున్నట్టనిపించి అన్నం సయించలేదు.

ఆ సాయంత్రం డబ్బాలోంచి చిటికెడు మేత తీసి వేసి, అలసటగా కన్ను నులుముకున్నాడు. "యా అల్లా!" అని ఎగిరిపడ్డాడు. ఒకటే మంట. పంపు కింద తల పెట్టి, తర్వాత ఆ డబ్బా మూత వాసన చూస్తే మిరప ఘాటు ముక్కుపుటాలదరగొట్టింది.

కొట్టు వెనకే ఇల్లు. భార్య ఖాదర్‌బీ కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తుంచే పనికి పోతుంది. కొట్టు పెట్టాక ఇదే తొలి మిర్చి సీజన్. ఆ గోల్డ్ ఫిష్ అంటే ఆమెకి మోజు. పని నుంచి రాగానే తనే మేత వేసి, వేళ్ళు నీళ్ళలో పెట్టి వాటితో ఆడుకునేది.

"నీ చేతి కారమేనే! చేపల్ని చంపుతోంది నువ్వే!" అని ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే గయ్యిమన్నాడు.

ఖాదర్‌బీ బిత్తరపోయింది. "మూడుసార్లు సబ్బేసి కడిగానయ్యా. ఆ ఘాటు పోదు, ఏం చెయ్యను?" అంది. అంతలోనే ఉక్రోషం పొంగుకొచ్చింది. "చిటికెడంటితేనే నీ కన్ను అంత మండిందే, పొద్దస్తమానం ఆ కాయల్లో ఉండే చేతుల సంగతేంది? నెల రోజుల్నించీ చెంచాతో అన్నం తింటన్నా. ఎందుకని అడిగావా?"

బుడాన్ ఆమె చేతులు ట్యూబ్‌లైటు కిందికి లాక్కుని చూశాడు. వేళ్ళ చివర్లు పొక్కి, తోలు లేచిపోయి ఉన్నాయి. చేప ఒంటి మీద ఒక్క పొలుసు ఊడినా కనిపెట్టే మనిషి. సిగ్గుతో చచ్చిపోయాడు.

టీచరుకి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పి, పది రోజులు ఆగమన్నాడు. "బతికేవే ఇవ్వండి, ఆగుతాం" అందామె. ఆ మేత పారేసి, కొత్త తొట్టెలోకి మార్చాక నాలుగోనాటికి చేపలు ఒక్కొక్కటే రెక్కలు విప్పాయి.

ఖాదర్‌బీ పని మానలేదు, మానితే ఇల్లు గడవదు. చేతులకి తొడుగులు కొనిస్తే, చెయ్యి ఆడటం లేదని మధ్యాహ్నానికే తీసేస్తోంది. అందుకని సాయంత్రం రాగానే బుడాన్ ఆమెను తన పీట మీద కూర్చోబెట్టి, పెరుగు గిన్నెలో చేతులు పెట్టించి, ఎదురుగా కూర్చుంటున్నాడు.

"ఇవాళ ఎట్టా ఉంది? నిన్నటికన్నా తగ్గిందా? అన్నం చేత్తో తినగలవా?"

"పెళ్ళైన పంతొమ్మిదేళ్ళకి నన్నూ తొట్టెలో వేసి చూస్తన్నావయ్యా" అని నవ్వబోయిన ఖాదర్‌బీకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోయింది.

"ఆ చేతులు కళ్ళకి తగలనీకు!" అని అరిచి, బుడాన్ తన తువ్వాలుతో తనే తుడిచాడు.