రెండోసారి తీసిన బొమ్మ

ఎక్స్‌రే అబ్బాయి దర్జీ కాలేయం బొమ్మ చెడగొట్టాడన్న మాట కుళాయి దగ్గర పుట్టి ఇస్త్రీ బండి దాకా పాకింది. అందులో నిజం గోరంత, మిగతా కొండంతా మన వీధి పుణ్యమే.

అతనికి యాభై దాటినా వీధికి అబ్బాయే. ఇరవై రెండేళ్ళుగా ఆస్పత్రిలో అతని పని ఒక్కటే. డాక్టరు తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టాన్ని కాలేయం దాకా పంపుతుంటే, అది ఎక్కడికి చేరిందో తెరమీద చూపించాలి. క్యాన్సర్ గడ్డను పోషించే నాళంలోనే మందు వదలాలి. దారి తప్పి కడుపు వైపు పోతే అక్కడ పుండు పడుతుంది. ఎక్స్‌రే కిరణాలు ఆపే సీసం కోటు మోసి మోసి అతని భుజాలు వంగిపోయాయి. మాట మహా పొదుపు. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే తలూపుతాడు. అది అవునో కాదో ఆమెకు ఇంతవరకూ తేలలేదు.

ఆ రోజు బల్లమీద దర్జీ. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాడు, బొమ్మ సగంలో ఉండగా మెల్లగా వదిలేశాడు. తెరమీద నాళాలన్నీ అలికేసినట్టయ్యాయి. గడ్డ పక్కనుంచి వెంట్రుకంత గీత ఒకటి కడుపు వైపు పోతున్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. డాక్టరు మందు అందుకోబోతుంటే అబ్బాయి మళ్ళీ తీద్దామన్నాడు. బొమ్మలో నాళాలు కనబడేందుకు ఎక్కించే రంగుమందు ఎక్కువైతే మూత్రపిండాలకు చేటని డాక్టరు విసుక్కున్నా, ఇతను పట్టు వదల్లేదు. రెండో బొమ్మలో ఆ గీత కడుపుకు పోయే నాళమేనని తేలింది. డాక్టరు గొట్టాన్ని ఆ నాళం దాటించి, అప్పుడు మందు వదిలాడు.

ఆలస్యమెందుకని బయట కూర్చున్న దర్జీ భార్య అడిగితే, బొమ్మ పాడైందని చెప్పి నర్సు వెళ్ళిపోయింది. ఆ ముక్కే వీధికెక్కింది. ఆరు వారాలకు రెండో విడత. వెళ్ళకపోతే మిగిలిన గడ్డ పెరగక మానదు. దర్జీ మాత్రం ఆ మనిషి ఎక్స్‌రే మిషను దగ్గరుంటే బల్ల ఎక్కనని భీష్మించుకు కూర్చున్నాడు.

ఇంకా రెండు రోజులుందనగా, అబ్బాయి కురచ చేయడానికిచ్చిన ప్యాంటు కోసం కొట్టుకు వెళ్ళాడు. దర్జీ తలెత్తలేదు. అతని భార్యే అడిగేసింది.

"నిజం చెప్పు నాయనా. ఆ రోజు బొమ్మ చెడగొట్టింది నువ్వేనా?"

దర్జీ ఒక కన్ను మూసి, మెల్లగా ఊపిరి వదులుతూ సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. అది ఎక్కేదాకా అబ్బాయి ఆగాడు.

"అదిగో పిన్నీ, బల్లమీదా బాబాయ్ ఇలాగే ఊపిరి వదిలేశాడు. ఎల్లుండి చేతిలో సూది లేదని గుర్తుపెట్టుకోమను. ఇంకోసారి తీద్దామంటే డాక్టరు నన్ను బయటికి పంపేస్తాడు."