ఒక బొమ్మ వెనక

మా అమ్మమ్మ తలుచుకుంటే గోడ చేత కబుర్లు చెప్పిస్తుంది, తలుపు చేత పాట పాడిస్తుంది. ప్రపంచంలో మాట్లాడని వస్తువులు ఇంకా మిగిలి ఉన్నాయంటే, ఆవిడకు తీరిక దొరక్కపోవడమే కారణం.

ఆవిడ మనస్తత్వ శాస్త్రవేత్త. మెదడు ఎదిగే తీరు వేరుగా ఉన్నవాళ్ళకు మాట ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని ఏళ్ళ తరబడి ఆరా తీస్తోంది. ఇంట్లోనూ అదే ఆరా. చిన్నప్పుడు నేను పక్కింటి వాణ్ణి బూతు తిడితే అమ్మ చెయ్యెత్తింది. అమ్మమ్మ మాత్రం నా ఎదురుగా చతికిలబడి, "ఎంత స్పష్టంగా పలికావురా! ఎవరి దగ్గర విన్నావు? దానికి అర్థం ఏమిటనుకున్నావు?" అని ముచ్చటపడింది. తర్వాత తనే అర్థం చెప్పింది. ఆ మాట మళ్ళీ నా నోట రాలేదు.

నేను పదో తరగతి ఎలాగో గట్టెక్కి, సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో కుదిరాను. ఒకరోజు అమ్మమ్మ షాపుకి ఫోన్ చేసి, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, తను పనిచేసే పిల్లల కేంద్రానికి పట్టుకురమ్మంది. ఇల్లంతా గాలించి ఖాళీ చేతులతో వెళ్ళేసరికి కళ్ళజోడు ఆవిడ తలమీదే ఉంది.

"దొరికిందిలే. వచ్చావుగా, కూర్చో," అంది, నేరం నాదైనట్టు.

గాజు కిటికీ బయట బెంచీ మీద ఒక బస్సు డ్రైవరు కూర్చుని ఉన్నాడు. కిటికీ అవతలి గదిలో ఆయన కూతురు, ఏడేళ్ళది, అమ్మమ్మ ఎదురుగా కూర్చుంది. ఆ రోజు పరీక్షలో మాట కొంచెమైనా కుదిరితే పిల్ల మాటలు నేర్పే క్లాసులో ఉంటుంది. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. ఆ పైన పిల్లను ఆడించి, అన్నం పెట్టి పంపడమే తప్ప మాట నేర్పేవాళ్ళు ఉండరు.

"నాకు ఆశ పోయింది బాబూ," అన్నాడాయన. "ఇవాళ్టితో ఆఖరు. ఇంక తీసుకురాను."

లోపల అమ్మమ్మ బంతి బొమ్మ పట్టుకుంది. పిల్ల నోరు విప్పలేదు. కాసేపు చూసి అమ్మమ్మ కుర్చీ బొమ్మ తీసింది.

"బంతి," అంది పిల్ల.

తర్వాత దువ్వెన.

"కుర్చీ."

డ్రైవరు తల పట్టుకున్నాడు. "చూశారా? రోజూ ఇదే వరస. తాళం చూపిస్తే దువ్వెనంటుంది, ఇప్పుడు చూడండి."

నిజంగానే అంది. ఆఖర్న గొడుగు చూపిస్తే తాళం అంది. అమ్మమ్మ బొమ్మలు సర్దేసింది. ఆవిడ మొహంలో ఏమీ కనపడలేదు. ఏమీ కనపడలేదంటే నాకు తెలుసు, బాగా లేదని.

గుమ్మం దగ్గర తండ్రి వంగి పిల్లకు చెప్పులు తొడుగుతున్నాడు. పిల్ల ఆయన బుర్ర మీద చెయ్యేసి, తాపీగా, "గొడుగు," అంది.

బయట ఎండ మండిపోతోంది. "గొడుగెందుకే తల్లీ?" అని ఆయన దిగులుగా నవ్వాడు. నేనూ నవ్వాను.

అమ్మమ్మ నవ్వలేదు. బొమ్మల పెట్టె చంకలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"చెప్పులు విప్పండి," అంది.

"ఇంకెందుకు మేడమ్?"

"విప్పండయ్యా, చెప్తాను. ఇది తప్పు చెప్పడంలేదు. ఒక బొమ్మ వెనకగా చెప్తోంది. మనం అడిగినదానికి జవాబు వెతుక్కుని తెచ్చేలోపు మనం ఇంకో ప్రశ్న వేసేస్తున్నాం."

కొన్ని సెకన్లు ఆగి తర్వాతి బొమ్మకు వెళ్ళాలన్న నియమం ఆవిడ పెట్టిందే.

ఈసారి తండ్రినీ గదిలోకి పిలిచింది. గొంతు ఆరిపోకుండా సంచిలో వేసుకునే పుదీనా బిళ్ళలు తీసి ఒకటి తన నోట్లో వేసుకుంది, ఒకటి ఆయన చేతిలో పెట్టింది. "ఇది కరిగేదాకా నేనూ మాట్లాడను, మీరూ మాట్లాడకూడదు. కొరికారో, చూడండి!"

బంతి బొమ్మ పట్టుకుంది. పిల్ల బొమ్మను చూసింది, కిటికీని చూసింది, తన మోకాలిని చూసుకుంది. కిటికీ ఇవతల నాకే నోరు దురద పెట్టింది. పటుక్కుమని చప్పుడైంది. డ్రైవరు బిళ్ళ కొరికేశాడు. అమ్మమ్మ ఆయన్ను చూసిన చూపు నా మీద ఎన్నిసార్లు పడిందో!

"బంతి," అంది పిల్ల.

కుర్చీ పట్టుకుని మళ్ళీ ఆగారు. కుర్చీ అంది. దువ్వెనను దువ్వెనంది. డ్రైవరు చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు, ఈసారి బిళ్ళ కోసం కాదు.

క్లాసులో చోటు నిలిచింది. వెళ్ళేటప్పుడు తండ్రి గుమ్మంలో పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఇంటికెళ్దామా అమ్మా?" అని అడిగాడు. అడిగి ఊరుకున్నాడు. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు వాళ్ళను తప్పుకుని నడిచారు. ఆయన కదల్లేదు.

చాలాసేపటికి జవాబొచ్చింది. "వద్దు."

అంత సంతోషంగా కూతురి చేత కాదనిపించుకున్న తండ్రిని నేను చూడలేదు.

ఇదంతా రాసి అమ్మమ్మకు చదివి వినిపించాను. "ఎలా ఉంది? బాగుందా? బోరు కొట్టిందా? గోడ సంగతి మరీ ఎక్కువైందా?" అని వరసగా అడిగాను.

"గోడల్ని నేను మాట్లాడించడమేంట్రా? ఆ పిల్లను కూడా నేను మాట్లాడించలేదు. అది ముందునుంచీ చెప్తూనే ఉంది, నేనే వినలేదు. అలా రాయి. ఇంకో మాట, ఒక ప్రశ్న అడిగితే నోరు మూసుకుని ఆగు."