కుడి అంటే కుడే... అమ్మ ఆడించిన ఫైనల్

మా చిన్నప్పుడు... సెక్టర్ 4లో మా క్వార్టర్ వంటింట్లో పొడుగాటి కాలేజీ అమ్మాయిలు ఐదుగురు నిలబడి "కుడి, ఎడమ, ముందుకి, ఎనక్కి" అని అరిచేవారు. అమ్మ ఒక పక్క చేట, ఇంకో పక్క పీట పెట్టేది. కుడి అంటే చేట వైపు దూకాలి, ఎడమ అంటే పీట వైపు. తప్పు దూకినవాళ్ళకి ఆ పూట ఉప్మా ఆఖరున...

ఆ ఐదుగురిలో ఒక్కరికీ తెలుగు రాదు.

మా అమ్మ ఆడపిల్లల కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్. శ్రీకాకుళంలో బడి జట్టుకి ఆడిన మనిషి. నాన్నకి దుర్గ్ పక్కనున్న ఈ హిందీ ఊళ్ళో, ఉక్కు ప్లాంటులో ఉద్యోగం కాబట్టి పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి, నేను పుట్టాక మళ్ళీ బంతి పట్టుకుంది. ఆట జరిగేటప్పుడు ఎవరు ఎటు పరిగెత్తాలో బెంచీ దగ్గర నిలబడి అరిచేది. హిందీలో అరిస్తే అవతలి జట్టుకీ తెలిసిపోతుంది. అందుకని తన జట్టు పిల్లలకి మా ఇంటి మాటలు నేర్పింది.

ఆ ఏడాది ఎక్కడికి వెళ్ళినా గెలిచారు. ఈ మేడమ్ ఏం మంత్రం చదువుతోందో తెలియక అవతలివాళ్ళు తెల్లమొహాలు వేసేవారు...

ఎప్పుడైనా తెలుగువాళ్ళు తగిలితే ఏం చేస్తావని నాన్న ఒకసారి అడిగారు. అమ్మ గరిటెతో నన్ను చూపించింది.

"మన పిల్లకే తెలుగు నోట్లోకి రాదు. ఇక్కడ పుట్టినోళ్ళలో ఎవులికి తెలుస్తాది?"

నిజమే. అమ్మ తెలుగులో పిలిస్తే నేను హిందీలో పలికేదాన్ని. తెలుగంటే నాకు వంటింటి భాష... స్నేహితుల ముందు దాచుకోవలసిన భాష.

ఫైనల్ దుర్గ్‌లో. నాన్న, నేను కూడా వెళ్ళాం. ఈసారి కప్పు రాకపోతే జట్టు తీసేస్తామని, కోర్టుని స్కూటర్ల స్టాండు చేసేస్తామని కాలేజీవాళ్ళు అప్పటికే చెప్పేశారు. జట్టే లేకపోతే కోచ్ ఎందుకు?  ఫైనల్ రోజు పొద్దున అమ్మ పోపులో ఆవాలు మాడిపోయాయి.

అవతలి జట్టు రైల్వే కాలనీ వైపు కాలేజీది. ఆట మొదలయ్యింది. అమ్మ "కుడి" అని అరిచింది. మా జట్టు అమ్మాయి కుడికి తిరిగేసరికి రెండు జడల అమ్మాయి ఒకతె ముందే అక్కడ నిలబడి ఉంది. అమ్మ "ఎనక్కి" అంది. బంతి వెనక్కి వెళ్ళేలోపు ఇంకొకతె లాక్కుపోయింది. మళ్ళీ అంతే... మళ్ళీ అంతే...



రెండు జడల అమ్మాయి మా బెంచీ పక్కనుంచి వెళ్తూ ఆగింది. వెటకారం కూడా లేదు ఆ గొంతులో. "ఆంటీ, మాదీ శ్రీకాకుళమే, పలాస. మీ ఎడమ మాకూ ఎడమే" అంది.

 మా వంటింటి గోడ ఎవరో పడగొట్టినట్టు అనిపించింది. నాకంటే కాస్త పెద్దది, ఇక్కడ పుట్టిన పిల్లే... ఇంత నిబ్బరంగా, ఇంతమందిలో, తెలుగు!

అమ్మ టైమవుట్ అడిగింది. అందరినీ దగ్గరికి లాక్కుని, ఇప్పటినుంచి మాటలన్నీ తిరగెయ్యమంది. కుడి అంటే ఎడమ, ఎనక్కి అంటే ముందుకి. ఒక్కసారిగా కుదురుతుందా అని ఆవిడకే భయం. కెప్టెన్ సిమ్రన్ దీదీ మాత్రం నవ్వేసింది. ఆ మాటలు మాకు ఒట్టి చప్పుళ్ళే కదా మేడమ్, ఏదైతే ఏమిటి అంది హిందీలో.

కుదరనిది అమ్మకే.

ఎడమకి పంపాలంటే కుడి అని అరవాలి. అమ్మ నోట "ఎడమ" అనే వచ్చింది. మా అమ్మాయి చెప్పినట్టే తిరగేసుకుని కుడికి పరిగెత్తింది, బంతి ఖాళీ చోట పడింది. ఇంకోసారి ప్రయత్నించింది. మళ్ళీ ఎడమని ఎడమ అనే అంది. అప్పుడు మా అమ్మ... ఆటంతా నిలబడే ఉండే మా అమ్మ... బెంచీ మీద కూర్చుని, విజిల్ తాడు పళ్ళ మధ్య బిగించుకుంది. ఇక మీరే అరుచుకోండని సిమ్రన్ దీదీకి సైగ చేసింది.

దీదీ అరిచింది. పంజాబీ యాసలో మా శ్రీకాకుళం మాటలు...

మాటలు తిరగేశారని రైల్వే అమ్మాయిలు రెండు ఎత్తుల్లోనే పట్టేశారు. కానీ తెలిసినా కాళ్ళు వినలేదు. ఎడమ అని వినబడగానే అడుగు మా ఎడమవైపుకే పడేది, బుర్ర తర్వాత వచ్చేది. ఆఖరి బంతికి కూడా దీదీ "ఎడమ" అని కేక పెట్టి కుడినుంచి దూసుకుపోయింది. రెండు జడల అమ్మాయి దీదీ ఎడమవైపుకే ఒరిగిపోయింది. బంతి వలలో పడ్డాక ఆ పిల్ల తన కాళ్ళని ఎవరివో అన్నట్టు చూసుకుంది.

ఒక్క బుట్ట తేడాతో గెలిచాం. అందరూ గంతులేస్తుంటే నేను కదలలేకపోయాను. ఎందుకంటే ఆ కేకకి నా మెడ కూడా ఎడమకే తిరిగింది... అన్నిటికీ హిందీలో జవాబు చెప్పే నా మెడ!

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ కప్పు ఒళ్ళో పెట్టుకుని నాన్నతో ఒకే మాట అంది. "ఆ మాటల్తో అబద్ధం ఆడ్డం నా వల్ల కాలేదండీ."

జట్టు నిలిచింది. అమ్మ ఇంకా చాలా ఏళ్ళు ఆడించింది. మోకాళ్ళు మొరాయించాక విజిల్ దించేసింది. ఇప్పుడొచ్చిన కోచ్ వేళ్ళతో సైగలు చేస్తుంది. కోర్టు అలాగే ఉంది, కేకలే మారిపోయాయి.

నేను ఈమధ్యే తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాను. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో నానబెట్టుకుంటున్నాను. తెలుగు నాకు తిరిగి వచ్చేసిందనే అనుకున్నాను...

మొన్న స్కూటీ మీద పక్క ఊరు ఉతై వైపు వెళ్తుంటే, వెనక కూర్చున్న అమ్మ "ఎడమకి తిప్పవే" అంది. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మనసులో ఆ మాటని హిందీలోకి మార్చుకున్నాక గానీ హ్యాండిల్ తిరగలేదు.

అమ్మ గమనించిందో లేదో... నేను మాత్రం ఇంకా తేరుకోలేదు.

ఇంట్లో ఏ మాట వినబడితే మీ కాళ్ళు ఇప్పటికీ బుర్రకంటే ముందు కదులుతాయి? ఒక్క మాటైనా కింద రాసి వెళ్ళండి... నేర్చుకుంటాను.